చక్కెర గాజు

గర్భిణుల వేలికి సూది గుచ్చి చక్కెర చూసే రోజులు పోయాయి. నాలుగో నెల రాగానే సర్కారు వాళ్ళ చేతికి ఒక గాజు తొడుగుతోంది. ఒంట్లో చక్కెర హద్దులో ఉంటే అది ఆకుపచ్చగా, హద్దు దగ్గరపడితే పసుపుగా వెలుగుతుంది; హద్దు దాటితే ఎర్రబడుతుంది. ఊరంతా దాన్ని నమ్మింది, ఆశా కార్యకర్త పైడమ్మ తప్ప.

ముఖ్యంగా హైమ గాజు మీద ఆమెకు అనుమానం. సీమంతం దాకా పసుపు రంగులో మినుకుమన్న గాజు, ఆ మర్నాటి నుంచి మూడు వారాలుగా ఆకుపచ్చగానే ఉందని, ఊళ్ళో గాజులన్నిటి రంగులూ చూపే పైడమ్మ ఫోను చెబుతోంది.

"బొబ్బట్లు తిన్ననాడు కూడా రంగు మారలేదేటమ్మా?" అని అడిగింది పైడమ్మ, హైమ ఇంటి పెరట్లో కూర్చుంటూ.

హైమ చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ ముంచుకుంది. పైటచెంగు చేతుల మీదికి లాక్కుంది.

"ఏదీ, చేతులు చూపించు."

రెండు చేతుల నిండా సీమంతం గాజులున్నాయి. ఆ ఒక్కటే లేదు.

అది గుమ్మంలో నిలబడ్డ తోటికోడలు దమయంతి చేతికి ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆమెకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేరు.

"కడుపుతో ఉన్నదాని గాజు తొడుక్కుంటే కడుపు పండుతాదని నేనే అక్కకిచ్చాను పిన్నీ," అంది హైమ.

దమయంతి గాజు తీసి హైమకు తొడిగింది. కాసేపటికి అది ఎర్రబడింది.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోదాం," అంటూ పైడమ్మ ఫోను తెరిచింది. ఊళ్ళో ఇంకా పదకొండు గాజులు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. ఆ పదకొండిళ్ళ సీమంతాలకూ తను వెళ్ళింది. ఆడవాళ్ళు గాజులు పంచుకోవడం కళ్ళారా చూసింది.