రక్తం చెప్పిన మాట

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రెండు మెట్లకే గుండె నోట్లోకొస్తోందమ్మా," అన్నాడు బావగారు, కుర్చీలో కూలబడి.

పక్కనే మరదలు నిలబడి ఉంది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఇంట్లో మేడ మెట్లు ఆయన ఎంత చకచకా ఎక్కుతాడో ఆమెకు తెలుసు.

నిద్ర పడుతోందా అంటే లేదన్నాడు. ఆకలేస్తోందా అంటే ఊహూఁ అన్నాడు. బతుకు మీద ఆశ ఎలా ఉందంటే పైకప్పు కేసి చూశాడు.

గుండె వాల్వు మార్చినవాళ్లందర్నీ ఆ ఆసుపత్రిలో నెలనెలా పిలిచి, ఎలా ఉన్నారో అడిగి, రక్తం తీసుకుంటారు. గుండె కష్టపడుతుంటే ఒక రకం ప్రొటీను రక్తంలోకి ఎక్కువగా వదులుతుందట. కుదుటపడేకొద్దీ అది తగ్గుతుందట. ఆ ప్రొటీను పేరు మరదలికి నోరు తిరగదు. కానీ అది తగ్గాలని ఆమె కోరుకున్నంతగా లోకంలో ఎవరూ దేన్నీ కోరుకుని ఉండరు.

ఆయన మీద ప్రేమతో కాదు.

అన్నదమ్ములిద్దరూ కలిసి కలప గోడౌను నడిపేవారు. అమ్మేద్దామని పెద్దవాడు, వద్దని చిన్నవాడు. ఓ రోజు మాటామాటా పెరిగింది. చిన్నవాడు, అంటే ఆమె భర్త, పైఅంతస్తు నుంచి కింద సిమెంటు గచ్చు మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు. కాలు జారిందని బావగారు అప్పుడూ చెప్పాడు, ఇప్పుడూ చెబుతాడు. క్యారేజీ పట్టుకుని మెట్లెక్కుతున్న ఆమె కళ్లారా చూసింది, కాలు జారడం కాదది.

అలాంటి మనిషికి ఆపరేషనయ్యాక చేసే దిక్కు లేకపోతే, "నేను చూసుకుంటాను" అంటూ మేడ మీది వాటా నుంచి తనే దిగొచ్చింది. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. కొందరు దేవతన్నారు. కొందరు, ఏదో ఒకటి పెట్టి చంపేస్తుంది చూడండన్నారు. ఆ భయం బావగారికీ లేకపోలేదు. పళ్లెం పెట్టగానే, ముందు నువ్వో ముద్ద తినమనేవాడు. తినేది. ఆయన కళ్లలోకి చూస్తూ నిదానంగా నమిలేది.

కూరలో ఉప్పు చిటికెడు మించనిచ్చేది కాదు. మాత్రలు నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తున్నాడని కనిపెట్టినప్పట్నుంచీ, మింగాక నోరు తెరిపించి మరీ చూసేది. పొద్దున్నే నడకకి తీసుకెళ్లేది, కావాలని గోడౌను ఉన్న వీధిలోంచే. ఆయన తల తిప్పుకునేవాడు. నడవండి బావగారూ అనేది. ఆ గొంతులో మన్నన ఉండేది, దయ ఉండేది కాదు.

ఆడపడుచు వచ్చినప్పుడల్లా అన్నయ్యకని ఉప్పూకారం దట్టించిన వేపుళ్లు డబ్బా నిండా తెచ్చేది. మరదలు వాటిని ఆవిడ కళ్లముందే చెత్తబుట్టలో పారబోసేది.

"ఎందుకమ్మా నీకంత తొందర? నిదానంగానే కోలుకోనీ," అని గొణిగేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం స్నానాలగది ముందు ఆయన గుండె పట్టుకుని కుప్పకూలాడు. ముఖం పాలిపోయింది. ఒళ్లంతా చెమట. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె ఊరికే నిలబడితే చాలు, అడిగేవాళ్లుండరు. ఒక్క క్షణం నిలబడింది కూడా. గచ్చు మీద పడున్న మనిషిని చూస్తే ఇంకో మనిషి కళ్లలో మెదిలాడు. తర్వాత అంబులెన్సుకి ఫోను చేసి, వంగి, ఆయన చొక్కాని గుప్పిట్లో బిగించింది.

"చావకండి," అంది పళ్ల బిగువున. "ఇంత తేలిగ్గా మిమ్మల్ని చావనివ్వను."

అంబులెన్సు వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు. గుండె లయ తప్పిందని ఆసుపత్రిలో మందు మార్చారు. ఇంటికి తెచ్చి, మళ్లీ మొదట్నుంచీ నడిపించి, మనిషిని నిలబెట్టింది.

ఇప్పుడు డాక్టరమ్మ కొత్త రక్తపరీక్ష ఫలితం కేసి చూసి నుదురు ముడేసింది. పెద్దాయనేమో ఏమీ బాగాలేదంటున్నాడు, రక్తమేమో అంతా బాగుందంటోంది, దేన్ని నమ్మాలో తెలియడం లేదంది.

"ఆయనది కాస్త బెంగ మనసు," అంది మరదలు. "రక్తానికి అబద్ధమాడటం రాదు కదండీ?"

డాక్టరమ్మ నవ్వి, గుండెకి స్కానింగు తీయించింది. అక్కడే ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. ఆయన దగ్గాడు, రొప్పాడు, కళ్లు తేలేశాడు. నాడి మాత్రం గడియారంలా కొట్టుకుంది. గుండె పూర్తిగా కోలుకుందని రాసి సంతకం పెట్టిందావిడ.

బావగారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అమ్మాయ్, ఇంకో నెల చూద్దామని చెప్పమ్మా," అన్నాడు.

మరదలు విననట్టే డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇంకా ఎన్నాళ్లు బతుకుతారండీ?"

"ఇలాగే చూసుకుంటే ఇరవై ఏళ్లకి ఢోకా లేదు. అంతా మీ చలవే."

భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ కాగితం తీసుకుని, తలుపు తెరిచి, బయట బెంచీ మీద కూర్చున్న కానిస్టేబుల్ చేతిలో పెట్టి అంది: "గుండె బాగయ్యేదాకానే కదండీ కోర్టు ఈయన్ని జైలు నుంచి వదిలింది, ఇక తీసుకెళ్లండి."