బంతిమొక్కకు బూజు

వాన వెలిసిన పొద్దున, వాటర్ ట్యాంకు వెనక బకెట్లో దాచిన గంజాయి మొక్క మీద తెల్లటి బూజు చూసి మహిపాల్ బెంబేలెత్తిపోయాడు. జావా కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చి, డాబా మీద గదిలో దిగాక పెంచిన మొక్క అది. అంతకుముందు తులసికైనా నీళ్లు పోసి ఎరగడు.

గత్యంతరం లేక ఇంటి ఓనరు రుద్రమ్మను అడిగాడు. "ఆంటీ, బంతిచెట్టుకు బూజు పట్టింది. ఏం జెయ్యాలె?"

"ఒక ఆకు తెంపుకరా, చూస్త."

ఆమె ఆకును నలిపి, వాసన చూసి, నవ్వకుండా చెప్పింది. "మస్తు బంతి! కిందాకులు తీసి జర గాలాడనియ్యి. ఆకులు తడవనియ్యకు. పుల్లమజ్జిగల నీళ్లు గలిపి కొట్టు. ఇప్పుడైతే క్లాసుకు పో, ఫికర్ జెయ్యకు."

నెల రోజులు మహిపాల్ మజ్జిగ కొట్టాడు. వాన పడితే క్లాసు ఎగ్గొట్టి గొడుగు పట్టాడు. బూజు మళ్లీ రాలేదు.

ఆదివారం రుద్రమ్మ భోజనానికి పిలిచి గోంగూర పప్పు వడ్డించింది. మొదటి ముద్దకే అతను, "పుంటికూర పప్పు మస్తుంది ఆంటీ" అన్నాడు.

"ఎందుకుండది బిడ్డా, నువ్వు పెంచిందే గద! ఆ దినం నువ్వు క్లాసుకు పోంగనే నీ బంతిని పీకి పొయ్యిల పెట్టిన. అదే బకెట్ల, ఆకు అచ్చం గట్లనే ఉండే నా పుంటికూర నాటిన. పోలీసోళ్లు చూస్తే నీ కోచింగ్ చర్లపల్లి జైల్ల అయితుండె."

మహిపాల్ పప్పులోంచి ఒక ఆకు తీసి విప్పి చూశాడు.

రుద్రమ్మ ఇంకో గరిటె పప్పు వడ్డించింది. "ముప్పై ఏండ్ల సంది పుంటికూర పెంచుతున్న. దానికి గొడుగు పట్టినోన్ని మాత్రం నిన్నే చూసిన."