నీళ్ళలో ఇంటి నంబరు

అత్యవసర కేంద్రంలో ఇప్పుడు "ఎక్కడున్నారు" అని ఎవరూ అడగరు. కాల్ రాగానే అది ఏ రకం ఫోనో, ఎక్కడిదో తెరమీద పడుతుంది. చేతిఫోనైతే తానున్న చోటు తానే చెబుతుంది. ఇంటి ఫోను మాత్రం మనం రాసిచ్చిన చిరునామా చెబుతుంది. అవతలివాళ్ళు నోరు విప్పేలోపే అంబులెన్స్ డ్రోన్ లేచిపోతుంది.

ఆ మధ్యాహ్నం అక్కడ కాల్స్ తీసుకునే సత్యవేణి తెరమీద ఈ వివరం పడింది: ఇంటి ఫోను, 3-41, కోడేరుగూడెం.

"మా ఆయన పడిపోయాడమ్మా. పలకట్లేదు."

"డ్రోన్ బయల్దేరిందండి," అని అలవాటుగా అనేసి, అప్పుడు ఊరిపేరు చూసింది. అది తన ఊరే. రిజర్వాయరులో మునిగి పన్నెండేళ్ళయింది.

"బుల్లెమ్మత్తా, నేను సత్యవేణిని. పునరావాస కాలనీకొచ్చాక చిరునామా మార్చలేదా?"

"మీ మావ మార్చనివ్వలేదే. ఊరెలాగూ నీళ్ళపాలయ్యింది, ఫోను చిరునామాలోనైనా ఉండనీ అన్నాడు."

డ్రోన్ అప్పటికే నీళ్ళమీద దిగే చోటు వెతుకుతోంది. సత్యవేణి దాన్ని కాలనీకి మళ్ళించింది. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. "ఇంకా రాలేదే" అని అడుగుతూ అడుగుతూ బుల్లెమ్మత్త మధ్యలోనే అడగడం మానేసింది.

కాలనీలో నలభై ఇళ్ళవాళ్ళూ పాత చిరునామానే ఉంచుకున్నారు. సాయంత్రంలోగా అందరిచేతా మార్పించాలి.

సత్యవేణి ముందు తన ఇంటి ఫోను వివరాలు తెరిచింది. 3-44, కోడేరుగూడెం. అమ్మ పోయినప్పుడు కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఒక్కో అక్షరమే తుడిచింది.