లోపల సున్నా

కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే కెర్నల్ అనే ప్రోగ్రామ్ రాసే ఇంజనీరమ్మ ఆ రాత్రి సర్వర్ గదిలో ఒక్కతే ఉంది. మెమరీలో దేన్నైనా వాడేవాళ్ళ లెక్క సున్నాకు వస్తే, కెర్నల్ దాన్ని ఆనవాలు లేకుండా తుడిచేస్తుంది. ముచ్చటపడి ఆ గది తలుపుకీ ఆమె అదే లెక్క పెట్టింది. మనిషి వస్తే ఒకటి కలుస్తుంది, వెళితే ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే దీపాలారి తాళం పడుతుంది.

వెనకాల తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తలుపు మీద ఇందాకటిదాకా ఒకటిగా ఉన్న అంకె సున్నా అయింది. లోపలికి రాని మనిషెవరో బయటికి వెళ్ళారు.

దీపాలారాయి. తాళం పడింది. ఆమె వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది.

"బాబాయ్, లోపలే ఉండిపోయాను. కాస్త తలుపు తియ్యవా."



"ఇంజనీరమ్మాయి ఇప్పుడే నాకు చెప్పి వెళ్ళిందే. మీరెవరండీ?"

తన పేరు చెప్పబోయింది. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.