టిల్లర్ బాగానే ఉంది

సీతమ్మధారలో కొత్తగా ఇల్లు కట్టినాయన ముందున్న స్థలంలో పచ్చిక వేయించాలనుకున్నాడు. ఇవాళే దున్నేయమంటే, అద్దెకి దున్నిపెట్టే సన్యాసిరాజు టిల్లర్ తెచ్చాడు. ఆ స్థలంలో ఇన్నాళ్లూ కూరలు పండించి అమ్ముకున్న చిలకమ్మ తోటకూర మడి పక్కన నిలబడి ఉంది.

అతను ఇంజను స్టార్ట్ చేసి, పిడి దగ్గరి లివర్ వదిలాడు. బ్లేళ్లు ఆగాయి. మళ్లీ స్టార్ట్ చేసి వదిలాడు. మళ్లీ ఆగాయి.

"ఎన్నిమాట్లు సూత్తావు తమ్ముడూ?"

"సెయ్యి వదిల్తే ఆగాలప్పా. ఆగకపోతే కాళ్లు తెగిపోతాయి. అలాటి మిసను నడపకూడదు, రిపేరుకి పట్టుకుపోవాల."

"పట్టుకుపోతే?"

"నాల్రోజులు పడతాది," అన్నాడు ఆమెవైపు చూడకుండా.

నాలుగు రోజులుంటే తోటకూర కోతకొస్తుంది. చిలకమ్మ గబగబా దగ్గరికొచ్చింది. ఇద్దరూ వంగి బ్లేళ్లవైపే చూశారు. అతను మళ్లీ స్టార్ట్ చేసి లివర్ వదిలాడు.

ఠక్కున ఆగిపోయాయి.

"బాగానే ఉందప్పా," అన్నాడు సన్యాసిరాజు, తప్పు చేసినవాడిలా.

చిలకమ్మ నడుం ఎత్తి నిలబడింది.

"పోన్లే తమ్ముడూ, నీ కాళ్లకేటీ అవదు," అంటూ టిల్లర్‌కి దారిచ్చి పక్కకు తప్పుకుంది.