బోణీ బేరం

“నువ్వు కాసేపు పక్కన నిలబడమ్మా. ఇంకెవరన్నా వచ్చి బోణీ చేసినాక ఇస్తాను.”

పావుకిలో బెల్లం అడిగిన ఆమె, డబ్బులు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కకు జరిగింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర, రమణయ్య కొట్టు ముందు పొద్దున్నే జరిగిన సంగతి ఇది.

ఆమె ఎవరో రమణయ్యకు తెలీదు. నొసట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు. కొంతకాలంగా కొట్టు తెరవగానే మొదటి గిరాకీ ఆమే. బేరమాడదు, అరువడగదు. ఆ పావుకిలో బెల్లం తప్ప ఇంకొకటి కొనదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, రమణయ్య గట్టి వ్యాపారి. ‘ఊళ్ళో అందరికంటే రూపాయి తక్కువ’ అని బోర్డు కట్టి కూర్చున్నాడు. అరువు లేదు, కొసరు లేదు, కూర్చోడానికి బల్ల లేదు, బాగున్నావా అనే పలకరింపు లేదు. అన్ని ఖర్చులూ కోసేసి ధర దించాడు. పొద్దున లారీలో దిగిన సరుకు సాయంత్రానికి ఖాళీ అయ్యేది. అనంతసాగరం వైపు పల్లెల జనం కూడా ఆటోలెక్కి ఇక్కడికే దిగేవారు. ఆ పల్లెల్లో చిల్లర కొట్లు ఏమయ్యాయో ఆయన ఏనాడూ అడగలేదు. ఎందుకడుగుతాడు? వ్యాపారమంటే అంతేననుకున్నాడు.

తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా! సరిగ్గా ఎదురుగా ఏసీ పెట్టుకుని ఓ పెద్ద కంపెనీ కొట్టు దిగింది. ఏ సరుకైనా రమణయ్య కంటే రెండు రూపాయలు తక్కువ.

రూపాయి కోసం వచ్చిన జనం రెండు రూపాయల కోసం రోడ్డు దాటిపోయారు. పేరు పెట్టి వెనక్కి పిలుద్దామంటే, వాళ్లలో ఒక్కరి పేరూ రమణయ్యకు తెలీదు.

తండ్రి కట్టిన ఇల్లు అమ్మి పెట్టిన కొట్టు అది. అదీ పోతే ఇక నిలవ నీడ లేదు. ఈగలు తోలుకుంటూ కూర్చుని కూర్చుని, ఈ శని ఎక్కణ్ణుంచి పట్టిందా అని ఆలోచించాడు. ఎదురుగా ఉన్న కంపెనీని ఏమీ చెయ్యలేడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరమంతా ఆ బోణీ చేతి మీదకు తోశాడు.

“ఇడ్లీ చల్లారిపోతా ఉండాది, తినండి,” అంది భార్య సుబ్బరత్నమ్మ, క్యారియరు ముందుకు జరిపి.

“బోణీ కాకుండా నేనెప్పుడన్నా తిన్నానా?”

“ఆమె చేస్తానంటే వద్దంటిరి గదా!”

“ఊరుకో! ఆ చెయ్యి తగిల్నప్పట్నుంచే మన గిరాకీ పోయింది. మొగుణ్ణి మింగిన చెయ్యి, మన కొట్టును మింగదా?”

ఆ మాట బయట ఎండలో నిలబడ్డ ఆమెకు వినబడింది. అయినా ఆమె కదల్లేదు.

ఎండ నడినెత్తికెక్కాక ఎవరో వచ్చి ఓ షాంపూ పొట్లం కొన్నారు. అప్పుడు ఆమె మెట్టెక్కి బెల్లం తీసుకుంది.

“ఇంక తినండి శెట్టిగారూ,” అంది.

రమణయ్యకు ఒళ్లు మండింది.

“నా తిండి సంగతి నీకెందుకమ్మా? రేపట్నుంచి నా గడప తొక్కమాక! ఎదురుగా చవగ్గా ఇస్తా ఉండారు గదా, ఆడికే పో!”

“ఆడ బోణీ కోసరం కాచుకోని కూచున్నోళ్లు ఎవురూ లేరు గదా శెట్టిగారూ,” అని మెల్లగా మెట్టు దిగి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఆమె పీడ పోతే గిరాకీ వస్తుందనుకున్నాడు, అదీ రాలేదు. మధ్యాహ్నం దాకా బోణీ లేని రోజులు, సాయంత్రం దాకా బోణీ లేని రోజులు. ఒకనాడు కళ్లు తిరిగి గల్లాపెట్టె మీదకు ఒరిగిపోయాడు. సుబ్బరత్నమ్మ లబోదిబోమంది. ఇక తన వల్ల కాదనుకున్నాడు రమణయ్య. కొట్టు ఎత్తేసి, మిగిలిన సరుకు వచ్చిన ధరకు ఇచ్చేశాడు.

బోర్డు దించుతుంటే అనంతసాగరం వైపు పల్లెలకు తిరిగే యేసురత్నం ఆటో వచ్చి ఆగింది. రోజూ ఆమె దిగేది ఆ ఆటోలోంచే.

“యేసురత్నం, బెల్లం కొనే ఆమె నీ ఆటోలోనే గదా వచ్చేది? కనబళ్లేదే?”

“శీనమ్మా? పోయింది గదా శెట్టిగారూ! జరమొచ్చి పడింది, మళ్లా లెయ్యలా.”

రమణయ్య చేతిలో బోర్డు కిందికి జారింది.

“ఈడ ఏం పని చేసేది?”

“ఈడ ఆమెకేం పనుండాది? మీకు బోణీ చేసేదానికే వచ్చేది. ఆ బెల్లం మళ్లీ ఆటోలో అందరికీ తలా ఇంత పెట్టేది. ఒకనాడు ఆసుపత్రికని వచ్చినప్పుడు మీ కొట్టు ఖాళీగా ఉండాది, మీరు క్యారియరు మూత తియ్యకుండా కూచోనుండారంట. అది చూసి ఇంటికి పోయి ఆ రాత్రి ముద్ద ముట్టలా. తెల్లారినప్పట్నుంచి నా ఆటో ఎక్కింది.”

అంటే ఆమె వచ్చాక గిరాకీ పోలేదు. గిరాకీ పోయాకే ఆమె వచ్చింది. ఎంత మాట అన్నాను దేవుడా అనుకున్నాడు రమణయ్య. అడగలేక అడగలేక అడిగాడు.

“నేను ఆమెకు ఏమైతానని?”

యేసురత్నం తలెత్తకుండా చెప్పాడు.

“మా ఊరి జనమంతా నా ఆటో ఎక్కి మీ కాడికే వస్తా ఉంటే, షుగరు జబ్బుండి కూడా బోణీ కానిదే మెతుకు ముట్టనని, ఖాళీ అయిన తన చిల్లర కొట్లో కూచోని కూచోని ఆడే కూలిపోయినాడు పెంచలయ్య శెట్టి, ఆయన పెండ్లామే ఆ శీనమ్మ.”