గూటిలో తడిమట్టి

ఏ ఊరని అడక్కండి గానీ, ఒక ఈతచెట్టు మీద గిజిగాళ్ల బడి ఉండేదండీ. సముద్రం దాటొచ్చిన పరదేశి పిట్టొకటి అక్కడ గూళ్లల్లడం నేర్చుకుని, చదువులో మొదటొచ్చింది. గాలికి నిలిచే గూడు కట్టి చూపిస్తే పనీ ఇస్తారు, కొమ్మా ఇస్తారు. లేదంటే వానలు పడేలోగా వెళ్లిపోవాలి. దాని గూడు కట్టిన మూడుసార్లూ గాలికి తిరగబడింది. పాపం, రెక్కలు వాల్చేసి, "అలిసిపోయాను పంతులుగారూ, ఇక పోతాను" అంది.

పంతులు గిజిగాడు గూట్లోకి తొంగిచూసి, "లోపల తడిమట్టి మెత్తలేదేం? బరువుండాలిగా!" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదండీ."

"చెప్పేదేముందమ్మా, అందరికీ తెలిసిందేగా!"

"ఇక్కడ పుట్టినవాళ్లకి తెలుస్తుందండీ."

పంతులు బురదలో దిగి, తనే ముక్కునిండా మట్టి తెచ్చాడు.